అంటువ్యాధి వేళ ఊరి ఖజానా తాళం ఎవరి చేతిలో ఉండాలి?

నాగావళి తీరం:

ఒక ప్రశ్నను చర్చకు పెడుతున్నాను. ఊళ్లో అతిసారమో డెంగీయో ప్రబలి ఆసుపత్రి మంచాలు నిండిపోయినప్పుడు, పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఖాతాలో ఉన్న కాస్త డబ్బును దేనికి ఖర్చు పెట్టాలన్న నిర్ణయం ఎన్నికైన పాలకవర్గానిదా, జిల్లా కలెక్టరుదా? కలెక్టరుదేనని నా అభిప్రాయం.

మా విజయనగరం జిల్లాలోని గుర్లలో 2024 అక్టోబరులో అతిసారం వచ్చినప్పుడు జరిగింది అందరికీ తెలిసిందే. ఎంతమంది చనిపోయారన్న లెక్క మీదే అధికారులకూ పార్టీలకూ పొంతన కుదరలేదు. పంచాయతీరాజ్ శాఖను చూస్తున్న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఊరికి వచ్చి, గత ప్రభుత్వ హయాంలో తాగునీటిని వడగట్టే ఫిల్టర్ బెడ్లు మార్చలేదని అన్నారు. కొద్ది రోజులకే మాజీ ముఖ్యమంత్రి జగన్ వచ్చి, తప్పు ఈ ప్రభుత్వానిదే అన్నారు. అప్పటికి ఊరికి ఎన్నికైన పంచాయతీ ఉంది, మండలానికి పరిషత్తు ఉంది, జిల్లాకు జిల్లా పరిషత్తు ఉంది. వీటిలో ఏదీ ఆ కలుషిత నీటిని ముందుగా ఆపలేకపోయింది. చివరికి వైద్య శిబిరాలు పెట్టింది, ట్యాంకర్లు తెప్పించింది, నీటి నమూనాలు పరీక్షకు పంపింది అధికార యంత్రాంగమే. మంట ఆర్పేవాడి చేతికే బిందె ఇవ్వాలి గదా?

తమ్మిలేరు:

నాగావళి గారూ, మీరు చెప్పినది మంటలార్పే పని గురించి. అడిగిన ప్రశ్న మాత్రం ఖజానా గురించి. ఈ రెండూ ఒకటి కావు.

మా ఏలూరు సంగతి చెబుతాను. 2020 డిసెంబరు మొదటి వారంలో వన్ టౌన్ ప్రాంతంలో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. తాగునీటి నమూనాల్లో తేడా ఏమీ లేదని మొదట చెప్పారు. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. ఆ తర్వాత పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపారు. వైద్యులూ అధికారులూ రాత్రింబవళ్లు పనిచేశారు, చాలామంది ఒకటి రెండు రోజుల్లో కోలుకుని ఇళ్లకు వెళ్లారు, ఆ మాట కాదనను.

కానీ ఆ రోజుల్లో ఏలూరు నగరపాలక సంస్థకు ఎన్నికైన పాలకవర్గమే లేదు. 2021 మార్చిలో పోలింగ్ జరిగినా, కోర్టు వివాదం వల్ల ఓట్ల లెక్కింపు జూలై దాకా జరగలేదు. అంటే మీరు కోరుకుంటున్న పరిస్థితే, తాళం మొత్తం అధికారుల చేతిలో ఉన్న పరిస్థితే, మాకు అప్పుడు ఉంది. మా వీధిలో మురుగుకాలువలో మునిగి ఉన్న మంచినీటి పైపును ముందు మార్చాలా, మార్కెట్ వెనుక కాలువ పూడిక ముందు తీయాలా అని అడగడానికి వార్డుకొక మనిషి లేడు, ఆ మాట చర్చకు వచ్చే సమావేశమే లేదు. జనం వినతిపత్రాలు పట్టుకుని తిరిగారు. వినతిపత్రం ఇచ్చేవాడు అడుక్కునేవాడే అవుతాడు గాని అజెండాలో అంశం పెట్టలేడు.

శారద:

గ్రామీణ నీటి సరఫరా పనుల్లో ఇంజనీరుగా చాలా ఏళ్లు పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్నాను. ఈ చర్చలో ‘ఫిల్టర్ బెడ్లు’ అన్న మాట వచ్చింది కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా రాయాలనిపించింది, ఎందుకంటే అసలు జబ్బు అక్కడే ఉంది.

చెరువు నీళ్లో నది నీళ్లో తీసుకునే చాలా పథకాల్లో ఇసుక ద్వారా నెమ్మదిగా వడగట్టే పద్ధతి ఉంటుంది. ఇసుక పైపొర మీద సన్నని జీవపొర ఒకటి పేరుకుంటుంది, సూక్ష్మజీవులను పట్టి ఆపేది చాలావరకు అదే. కొంతకాలానికి ఆ పొర మందమై నీరు దిగడం తగ్గిపోతుంది. అప్పుడు పైనున్న ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుకను గీకి తీసేయాలి. ఇలా గీకగా గీకగా ఇసుక ఎత్తు తగ్గితే కొత్త ఇసుక నింపాలి. ఇందులో గొప్ప సాంకేతికత ఏమీ లేదు, కూలీలు, ఇసుక, ఒక తేదీ ఉంటే చాలు. ఆ తర్వాత ట్యాంకులో క్లోరిన్ కలపాలి, చివరి ఇంటి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో లేదో చూడాలి. పరీక్ష కిట్టులో నీరు పసుపు రంగుకు తిరిగిందా లేదా అని చూసి రిజిస్టరులో రాయడం ఐదు నిమిషాల పని.

ఇంత చిన్న పని ఎందుకు జరగదు? డబ్బు లేక అని అందరూ అంటారు, అది సగం నిజం. కేంద్ర నిధుల పంపకాన్ని సిఫారసు చేసే 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు, పట్టణ సంస్థలకు 1,21,055 కోట్లు, ఇవి కాక స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్లు సిఫారసు చేసింది. గ్రామాలకిచ్చే నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ మాత్రమే వాడాలని కట్టుబాటు పెట్టింది. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. కానీ వీధిదీపాలకూ నీటి మోటార్లకూ అయ్యే కరెంటు బిల్లు చిన్న పంచాయతీ ఆదాయాన్ని మింగేస్తుంది. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ బకాయిల కింద ఆర్థిక సంఘం నిధులను మళ్లించారని సర్పంచులు రోడ్డెక్కిన సంగతి గుర్తుండే ఉంటుంది. పంచాయతీ ఖాతాలోంచి ఆ పంచాయతీ తీర్మానం లేకుండానే డబ్బు వెళ్లిపోయిందన్నది వాళ్ల ఆరోపణ. ఇక నాగావళి గారు అడిగినట్టు ‘తాళం ఎవరికి ఇవ్వాలి’ అని చర్చించడం, పెట్టెకు వెనుకవైపు తలుపు ఉందని తెలిసీ ముందువైపు తాళం గురించి తగవులాడుకోవడమే.

మంజీర:

తెలంగాణ నుంచి ఒక మాట. మా దగ్గర గ్రామ పంచాయతీల పదవీకాలం 2024 ఫిబ్రవరి 1తో ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేని చోటికి ఆర్థిక సంఘం నిధులు రావు కాబట్టి కేంద్రం నుంచి వచ్చే సొమ్ము ఆగిపోయింది. ట్రాక్టరు డీజిలుకూ, బ్లీచింగ్ పౌడరుకూ, దోమల మందుకూ జేబులోంచి పెట్టుకుంటున్నామని పంచాయతీ కార్యదర్శులు మొత్తుకున్నారు. కాబట్టి సర్పంచ్ ఉండాలా వద్దా అన్నది సిద్ధాంత చర్చ మాత్రమే కాదు, సర్పంచ్ లేకపోతే డబ్బే రాదు. రెండు వానాకాలాలు అలాగే గడిచాయి.

కొండవీడు:

చట్టం ఏమంటోందో కూడా చూద్దాం. 2005 విపత్తు నిర్వహణ చట్టం 25వ సెక్షను ప్రకారం జిల్లా అథారిటీకి కలెక్టరు అధ్యక్షుడు, ఎన్నికైన స్థానిక సంస్థ ప్రతినిధి సహాధ్యక్షుడు. 50వ సెక్షను ప్రకారం అత్యవసరమైన సామగ్రిని టెండరు లేకుండా కొనవచ్చు. అంటే ఆపద రోజుల్లో ఖర్చుకు దారి ఇప్పటికే ఉంది, అందుకోసం పంచాయతీ ఖాతా మీద పడనక్కరలేదు. మరోవైపు 73, 74 రాజ్యాంగ సవరణలు తాగునీటినీ ప్రజారోగ్యాన్నీ స్థానిక సంస్థలకు అప్పగించదగిన అంశాల జాబితాల్లో చేర్చాయి. ‘అప్పగించదగిన’ అన్నాను, ‘అప్పగించిన’ అనలేదు. రాష్ట్రాలు పనిని అప్పగించినంత ధారాళంగా డబ్బునూ సిబ్బందినీ అప్పగించలేదు.

అసందర్భం కాదనుకుంటే ఇంకొకటి. అంటువ్యాధుల చట్టం 1897 నాటిది, బొంబాయి ప్లేగు కాలంలో చేసినది. ఆ ఏడాదే పుణేలో ప్లేగు కమిటీ అధ్యక్షుడు రాండ్ హత్యకు గురయ్యాడు. ఊరివారితో సంబంధం లేకుండా సైనికులను ఇళ్లలోకి పంపి సోదాలు చేయించినందుకు పుట్టిన ఆగ్రహం అది. ప్రాణాలు కాపాడడానికి వచ్చినవాడిని జనం శత్రువుగా ఎందుకు చూశారో కలెక్టరు పక్షాన వాదించేవారు ఆలోచించాలి.

నాగావళి తీరం:

కొండవీడు గారు 1897కు తీసుకెళ్లారు, నేను 1994కు తీసుకొస్తాను. ఆ ఏడాది సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చి లక్షల మంది ఊరు విడిచి పారిపోయారు. మరుసటి ఏడాది మే నెలలో ఎస్.ఆర్.రావు మున్సిపల్ కమిషనరుగా వచ్చారు. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, ఒక్కొక్క మండలాధికారికి ఖర్చు పెట్టే అధికారం ఇచ్చి, అధికారులందరినీ పొద్దున్నే వీధుల్లోకి పంపి, ఆక్రమణలు తొలగించి, రెండేళ్లు తిరిగేసరికి దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటని పేరు తెచ్చారు. ఒక అధికారి పట్టుదల చేసిన పని అది. దీన్ని ఏ కౌన్సిలు చేయగలిగేది?

గోస్తని:

చదువుతూ ఊరుకుందామనుకున్నాను గాని, కౌన్సిలు లోపల కూర్చున్న అనుభవం నాకుంది కాబట్టి రాస్తున్నాను. కోస్తాలోని ఒక చిన్న మున్సిపాలిటీలో ఒక విడత వార్డు సభ్యురాలిగా ఉన్నాను. ఊరి పేరు చెప్పను. ఒక వేసవిలో మా వార్డులోనూ పక్క వార్డులోనూ వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. కాలువ అడుగున పోయే పాత పైపుకు చిల్లు పడిందని మా లైన్‌మన్ రెండో రోజే పట్టుకున్నాడు. కర్ర ముక్క కొట్టి, రబ్బరు చుట్టి తాత్కాలికంగా ఆపాడు. నెల తర్వాత కౌన్సిలు సమావేశంలో ఆ పైపు మార్చే అంశం, సిమెంటు రోడ్డు అంశం, ఊరి మొదట్లో స్వాగత ద్వారం అంశం ఒకే రోజు వచ్చాయి. ఉన్న డబ్బు రెండింటికే చాలుతుంది. పైపు వాయిదా పడింది. ఎవరో దుర్మార్గులు కుట్ర చేసి వాయిదా వేయలేదు. రోడ్డు కనిపిస్తుంది, ద్వారం ఇంకా బాగా కనిపిస్తుంది, భూమిలో పాతిన పైపును ప్రారంభోత్సవం నాడు ఎవరికి చూపిస్తాం? నేను వ్యతిరేకించాను, కానీ రోడ్డు మా వీధి గుండానే పోతుందని చెప్పగానే గొంతు తగ్గించాను. ఆ మాట ఈ రోజుకూ సిగ్గుగానే ఉంటుంది.

కాబట్టి తమ్మిలేరు గారూ, కౌన్సిలు ఉంటే చాలు అన్నీ సర్దుకుంటాయని మాత్రం అనకండి.

తమ్మిలేరు:

గోస్తని గారు చెప్పిన దానికి జవాబు చెప్పడం కష్టం. అయినా ఒక తేడా ఉంది. ఆ సమావేశంలో పైపు ఓడిపోయిందని మీకు తెలుసు, ఎవరి చేతులు లేచాయో మినిట్స్ పుస్తకంలో ఉంటుంది. కలెక్టరు ఫైలులో పైపు ఓడిపోతే ఎవరికీ తెలియదు.

సూరత్ విషయంలో నాగావళి గారు ఒకటి గమనించాలి. రావు గారు పైనున్న అధికారాన్ని తన దగ్గర కుప్ప వేసుకోలేదు, కిందికి పంచారు. ఆరు మండలాలకు ఖర్చు అధికారం ఇవ్వడమంటే అదే. అంతేకాక మంచి కమిషనరు రావడం అదృష్టం, ఆయన బదిలీ అయిపోవడం ఆనవాయితీ. కేరళలో 1996లో ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను పంచాయతీలకు బదిలీ చేశారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఉమ్మడి వంటశాలలు నడపడం నుంచి క్వారంటైన్‌లో ఉన్నవారిని చూసుకోవడం దాకా పంచాయతీలు చేయగలిగాయంటే, ఆ పాతికేళ్ల అలవాటు వల్లే. అంటువ్యాధి వచ్చాక నేర్చుకునే విద్య కాదది, ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వలేం.

నాగావళి తీరం:

కేరళ ఉదాహరణ నాకు తెలియనిది కాదు, కానీ అక్కడి పంచాయతీకి ఉన్న సిబ్బంది మన పంచాయతీకి ఎక్కడుంది? కార్యదర్శి ఒకరు, పంపు ఆపరేటరు ఒకరు, ఆ ఆపరేటరుకు నాలుగు నెలల జీతం బాకీ. అయినా కొండవీడు గారు చూపిన 50వ సెక్షను చూశాక నా వాదనను కొంత సవరించుకుంటున్నాను. శిబిరాలు, ట్యాంకర్లు, మందులు విపత్తు నిధి నుంచి కలెక్టరే ఖర్చు పెట్టాలి, పంచాయతీ ఖాతాను ముట్టుకోకూడదు. పైపులు, ఫిల్టర్ బెడ్లు, కాలువలు పాలకవర్గం తీర్మానంతోనే జరగాలి. కానీ గోస్తని గారి ఊరిలో లాగా పైపు ఓడిపోతే ఏం చేయాలి? అక్కడ కలెక్టరుకు కనీసం అడ్డుకునే అధికారమైనా ఉండాలంటాను. తాగునీటి పని పూర్తయ్యేదాకా స్వాగత ద్వారానికి బిల్లు పాస్ కాకూడదు.

శారద:

అడ్డుకునే అధికారం ఇస్తే అది ద్వారాల దగ్గర ఆగదు, ప్రతి బిల్లుకూ పాకుతుంది, నా ఉద్యోగ జీవితమంతా చూసింది అదే. నా ప్రతిపాదన ఇంకొంచెం చిన్నది. క్లోరిన్ రిజిస్టరును, ఫిల్టర్ బెడ్ ఇసుక గీకిన తేదీని, పైపు లీకుల జాబితాను ప్రతి గ్రామసభలోనూ, వార్డు సమావేశంలోనూ చదివి వినిపించడం తప్పనిసరి చేయండి. లీకుల జాబితాలో ఉన్న పనిని వాయిదా వేస్తే, వాయిదా వేసిన సభ్యుల పేర్లతో సహా ఆ తీర్మానాన్ని నీళ్ల ట్యాంకు గోడ మీద రాయించండి. పెయింటు ఖర్చు కట్టుబాటు లేని నిధుల్లోంచి వస్తుంది.

గోస్తని:

ట్యాంకు గోడ మీద నా పేరు ఉంటుందని తెలిసి ఉంటే, ఆ రోజు నేను గొంతు తగ్గించేదాన్ని కాదు. మా చైర్మన్ గారి సంగతి మాత్రం చెప్పలేను, ఆయన గోడకు సున్నం వేయించి ఉండేవారేమో.