డాక్స్ (వర్డ్) ఫైళ్లు మార్చే కోడ్‌కి టెస్టులు ఎట్లా రాస్తున్నారు?

మడికొండ_కోడర్:
అన్నలూ, హనుమకొండలో ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం డాక్స్‌ని హెచ్‌టీఎంఎల్‌గా, మళ్లీ డాక్స్‌గా మార్చే పైథాన్ స్క్రిప్ట్ రాస్తున్నా. రావాల్సిన అవుట్‌పుట్ ముందే దాచిపెట్టుకుని కొత్తదానితో బైట్లు పోలుస్తున్నా. హెచ్‌టీఎంఎల్ వైపు బాగానే ఉంది, డాక్స్ వైపు మాత్రం కోడ్ ముట్టుకోకపోయినా ఫెయిల్, రెండూ తెరిచి చూస్తే ఏ తేడా లేదు. విసుగొచ్చి రాత్రి ఆ టెస్టులే తీసేశా. పొద్దున పంపిన ఫైల్లో ఒక పట్టిక మాయం!

కాజీపేట_జంక్షన్:
తమ్మీ, డాక్స్ అంటే జిప్ ఫైలే. పేరు చివర జిప్ అని మార్చి విప్పి చూడు, లోపలన్నీ ఎక్స్‌ఎంఎల్ (ట్యాగ్‌లతో రాసిన పాఠం) ఫైళ్లు. ఆఖరిసారి ఎప్పుడు మార్చారో ఒక ఫైల్లో రాసి ఉంటుంది, జిప్‌లో ఒక్కో ఫైలుకీ విడిగా టైమ్ కూడా ఉంటుంది. మరి బైట్లు ఎట్లా కలుస్తాయి? అసలు పాఠం ఉన్న ఎక్స్‌ఎంఎల్ ఒక్కటే తీసి పోల్చినా తిప్పలు పోవు, ఎందుకంటే మధ్యలో ఎవరైనా ఒక అక్షరం దిద్దితే "వరంగల్" అన్న మాటనే వర్డ్ రెండు మూడు ముక్కలుగా దాచుకుంటుంది. ఒకే ఫార్మాటింగ్ ఉన్న పక్కపక్క ముక్కల్ని కలిపేసి, శీర్షిక, పేరా, పట్టిక అని ఒక చెట్టులా చేసుకుని ఆ చెట్లను పోల్చు. ఫైళ్ల ఫార్మాట్లు మార్చే పాన్‌డాక్ అనే టూల్ కూడా ఏ ఫార్మాటునైనా ముందు ఇట్లాంటి చెట్టుగానే చదువుతుంది. చదివే కోడ్‌కి, రాసే కోడ్‌కి వేర్వేరు టెస్టులు పెట్టుకోవచ్చు.

చాయ్_బ్రేక్:
అంత ఎందుకు, అటు మార్చి ఇటు మార్చి మొదటిదానితో కలిస్తే చాలు కదా.

కాజీపేట_జంక్షన్:
చాలదు. చదివేటప్పుడు బోల్డ్‌ని ఇటాలిక్ అనుకుని, రాసేటప్పుడు ఇటాలిక్‌ని బోల్డ్ చేస్తే నీ టెస్ట్ హాయిగా పాస్, మధ్యలో హెచ్‌టీఎంఎల్ అంతా తప్పు. మాకు అచ్చం ఇట్లనే అయింది.

అక్షరం_అక్క:
తెలుగు ఫైళ్లయితే ఇంకోటి చూసుకోండి. "హైదరాబాద్"లో ఐత్వం యూనికోడ్‌లో ఒకే కోడ్‌గా ఉండొచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండు కోడ్‌లుగానూ ఉండొచ్చు. కంటికి ఒకటే, టెస్టుకి కాదు. పోల్చే ముందు రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ (ఇట్లాంటి వాటిని ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి) చేయండి. కానీ శుభ్రం చేస్తున్నామని కనబడని అక్షరాలన్నీ రెగెక్స్‌తో (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) ఊడ్చేయకండి. నేను ఊడ్చాను, జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే కనబడని గుర్తు) పోయి "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అయింది, రెండు వైపులా ఊడ్చాను కాబట్టి టెస్ట్ కిక్కురుమనలేదు, ప్రూఫ్ చదివే పెద్దాయన పట్టుకున్నారు.

మడికొండ_కోడర్:
చెట్టు కట్టి చూశా అన్నా. పట్టికలో పట్టిక ఉంటే లోపలిదాన్ని నా కోడ్ చదవనే లేదు. ఆ ఫైల్నే మొదటి టెస్టుగా పెట్టేశా.