మిషన్ బడి కూల్చి షాపులు కడతారట: ఆ స్థలం ఊరిదా, సంఘానిదా?

రైల్వేగేటు_రవి
మాది మానుకోట (మహబూబాబాద్) దగ్గర ఒక చిన్న టౌను. స్టేషన్ రోడ్డు మీద పెద్ద చర్చి, దాని పక్కనే పాత మిషన్ బడి ఉన్నాయి. బడి మూతపడి చాలా ఏళ్లయింది. పెంకులు సగం జారిపోయాయి, దూలాలకు చెదలు పట్టాయి. ఇప్పుడు చర్చి కమిటీ దాన్ని కూల్చి, రోడ్డు వైపు షాపులు కట్టి అద్దెకిస్తుందట. నేను క్రైస్తవుణ్ణి కాను. కానీ అఆలు దిద్దింది అక్కడే. మా నాయన, మా చిన్నాయనలు చదివింది కూడా అక్కడే. ఊరి పిల్లలందరికీ చదువు చెప్పిన బడిని ఊరికి ఒక్క మాట కూడా చెప్పకుండా కూల్చేయొచ్చా? మన దగ్గర చర్చిలు ఊరి మొత్తానికి చేశాయా, సంఘానికి, అంటే చర్చి సభ్యులకు మాత్రమే చేసుకున్నాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఖాజీపేట్_జంక్షన్
షాపుల్లో ఒకటి బిర్యానీ సెంటరైతే నా ఓటు కమిటీకే.

మానుకోట_మాస్టారు
రవీ, బడి మీద నీ ప్రేమ మంచిదే. పెంకులు జారుతున్నప్పుడు ఆ ప్రేమ ఏమైంది నాయనా? మరమ్మతులకు చందా పుస్తకం పట్టుకుని బజారంతా తిరిగింది మేమే. "మీ మిషన్‌కు ఫారిన్ నుంచి వస్తాయి కదా సార్" అని నవ్వి పంపించారు. ఫారిన్ నుంచి రావడం ఎప్పుడో ఆగిపోయిందని ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ ఎవరికీ లేదు.

చరిత్ర అడిగావు కాబట్టి చెబుతాను. ఈ చుట్టుపక్కల క్రైస్తవమంటే ముందు డోర్నకల్ గురించి చెప్పాలి. అజరయ్య గారు 1912 డిసెంబరులో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు చర్చి శాఖ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. తమిళుడు, తిరునెల్వేలి మనిషి. వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. అంతకుముందు ఆయన్ని ఇక్కడికి పంపింది కూడా లండన్ దొరలు కాదు, 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంతంగా పెట్టుకున్న మిషనరీ సంఘం. ఎక్కాల్సింది ఎడ్లబండి, పోవాల్సింది మాల పల్లెలు, మాదిగ పల్లెలు. అప్పు, తాగుడు, రోగం, మురికి, ఈ నాలుగింటి మీదా ఆయన యుద్ధం చేశాడు. నిజాం ఏలుబడిలో సర్కారీ పెద్ద చదువులన్నీ ఉర్దూలో ఉన్న రోజుల్లో, ఊరి బయట ఉండేవాడి కొడుకు చేతికి తెలుగు పుస్తకం ఇచ్చింది మిషన్ బడి. ఇంతకంటే ఊరికి ఏం చేయాలి?

ఇప్పుడు కమిటీకి డబ్బు కావాలి. పాస్టరు జీతం, కరెంటు బిల్లు, చర్చి కప్పు. షాపులు తప్ప వేరే దారి ఉంటే చూపించండి.

ఎర్రమట్టి
మాస్టారూ, అజరయ్య సంగతి సరే. గుళ్లు కట్టింది ఎవరి పైసలతో? అది చెప్పండి. మెదక్ చర్చి 1914 నుంచి 1924 దాకా కట్టారు. పోస్నెట్ అనే మిషనరీ దొర ఇంగ్లండు నుంచి చందాలు తెచ్చి, కరువులో ఉన్న జనానికి పని ఇచ్చి తిండి పెట్టాడని మీవాళ్లే గొప్పగా చెప్పుకుంటారు. ఆకలితో ఉన్నవాడి ముందు అన్నం పెట్టి మతం చెప్పడం సేవ ఎలా అవుతుంది? బయటి పైసలతో లేచిన ఆస్తి సంఘానిది ఎట్లవుతుంది?

ఇంకోటి. తెలుగు పుస్తకం మిషనరీలు ఇచ్చారంటున్నారు. హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లోనే పెట్టారు. ఉర్దూ రాజ్యంలో తెలుగు నిలబెట్టింది గ్రంథాలయ ఉద్యమం.

మానుకోట_మాస్టారు
నేను డోర్నకల్ అంటుంటే నువ్వు మెదక్ అంటావేం? మెదక్ వెస్లియన్ మెథడిస్టులది, డోర్నకల్ ఆంగ్లికన్లది. రెండూ ఒక్కటైంది 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడ్డాక. డోర్నకల్ పెద్ద గుడి ప్రతిష్ఠ జరిగింది 1939లో. ఒకసారి వెళ్లి చూడు. మసీదు గుమ్మటాలు ఉంటాయి, దేవాలయ మండపం లాంటి స్తంభాలు ఉంటాయి. ఇంగ్లండు బొమ్మ చూసి కట్టింది కాదది. కట్టడానికి చాలా ఏళ్లు పట్టింది, డబ్బు లేక. మా నానమ్మ పొద్దున పొయ్యి మీద ఎసరు పెట్టాక, అందులో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ చర్చికి పోయేది. కూలికి పోయి తెచ్చుకున్న బియ్యం. దాన్ని కూడా నువ్వు ఫారిన్ ఫండ్ అంటే నేనేం చెప్పాలి?

గ్రంథాలయం గొప్పదే. 1904లో మా తాత అందులోకి అడుగు పెట్టగలిగేవాడా అన్నది కూడా ఆలోచించు.

ఎర్రమట్టి
నేనడిగింది మెదక్ గురించి. జవాబు రాలేదు.

గ్రేస్_హన్మకొండ
మీరిద్దరూ గుళ్ల దగ్గరే ఆగిపోయారు. నేను నర్సును, ఆసుపత్రుల గురించి చెబుతాను. మాది బాప్టిస్టు కుటుంబం. హన్మకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1879లో మొదలైంది. మావాళ్లు 1947లో ఆ ఐక్యతలో కలవలేదు, అది వేరే కథ.

నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్టు ఆసుపత్రి గురించి విన్నారా? ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో మొదలుపెట్టారు. కుష్టు వచ్చిందంటే సొంత కొడుకే తల్లిని ఊరి బయటకు పంపేసే కాలం అది. దానికి పెద్ద విరాళం ఇచ్చింది ఇంగ్లండు కాదు, నిజామాబాద్ రాజా నర్సాగౌడ్. ఆయన హిందువే. ఎర్రమట్టి గారూ, పైసలు ఎటు నుంచి వచ్చాయన్న దాన్ని పట్టుకుంటే కథ మీరనుకున్నంత సాఫీగా ఉండదు.

రైల్వేగేటు_రవి
చూశారా! గ్రేస్ అక్క చెప్పిందే నేనంటున్నది. ఊరివాళ్ల డబ్బు, ఊరివాళ్ల చెమట ఉంది అందులో. మా బడికి కూడా కోత పండుగ రోజున ఊరంతా వచ్చేది. గుమ్మడికాయలు, కోడిపుంజులు తెచ్చి అర్పించేవారు, ఆ తర్వాత వేలం పాట. మా నాయన ప్రతి ఏడూ పోటీకి దిగి, బజార్లో రూపాయికి దొరికే సొరకాయను ఐదు రూపాయలకు పాడేవాడు. ఇంటికి తెచ్చాక అమ్మతో తిట్లు. ఆ పైసలు బడికే కదా పోయింది?

మానుకోట_మాస్టారు
నర్సాగౌడ్ ఇచ్చింది డిచ్‌పల్లికి. మీ నాయన ఇచ్చింది సొరకాయకు. రెండూ ఒకటి కాదు.

ఖాజీపేట్_జంక్షన్
😂 మాస్టారు సిక్సర్.
సీరియస్‌గా చెప్పాలంటే, మా కేథలిక్కులకు వరంగల్ మేత్రాసనం, అంటే బిషప్ పరిధి, వచ్చిందే 1952లో. ఇటలీ ఫాదర్లు వచ్చారు, ఫాతిమానగర్‌లో బళ్లు వచ్చాయి. ఆ బళ్లు ఇంకా నడుస్తున్నాయి, ఎందుకంటే ఫీజులు తీసుకున్నారు. మీ ఉచిత బళ్లు ఫీజుల్లేక మూతపడ్డాయి. అంతే తేడా.

గ్రేస్_హన్మకొండ
అంతే కాదు తమ్ముడూ. ఆ ఫీజు కట్టలేని వాళ్ల కోసమే కదా మిషన్ బడి పెట్టింది.

ఎర్రమట్టి
సరే, సంఘానిదే అనుకుందాం. సంఘమంటే ఎవరు? కాగితాల మీద చూస్తే మన మండలంలో క్రైస్తవులే లేరు. అందరూ హిందూ ఎస్సీలు. ఆదివారం చర్చిలో, సోమవారం తహసీల్దార్ ఆఫీసులో వేరే మతం. ముందు అది తేల్చుకుని ఆస్తుల గురించి మాట్లాడండి.

గ్రేస్_హన్మకొండ
ఇది అనేవాళ్లు ఎప్పుడూ సగం మాటే చెబుతారు. 1950 ఎస్సీ ఉత్తర్వు మూడో పేరా ఏమంటుంది? హిందువు కానివాడు ఎస్సీ కాడు అంటుంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవుడైతే బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. మా తమ్ముడు నిజాయితీగా బీసీ-సీ రాయించుకున్నాడు, ఇప్పటికీ ప్రైవేటులో చేస్తున్నాడు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో ఎవరైనా వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నారా? కులం పోలేదు, కులం ఉన్నందుకు ఇచ్చే హక్కు మాత్రం పోయింది. దీన్ని వేళాకోళం చేయకండి.

పాకాల_గాలి
చాలాసేపటి నుంచి చదువుతున్నా. నాది కూడా రవి ఊరే. మాస్టారు గారూ, షాపులు కట్టుకోండి, నాకభ్యంతరం లేదు. సమాధుల తోట సంగతి చెప్పండి.

మా అమ్మ ఆ పెద్ద చర్చిలోనే పుట్టి పెరిగింది. బాప్తిస్మం అక్కడే, పెళ్లి అక్కడే. తర్వాత మేం కాలనీలో ఒక మందిరానికి వెళ్తున్నాం. అమ్మ పోయినప్పుడు తోటలో మా తాత పక్కన పెడదామని అడిగాం. ఇంటి ముందు ఫ్రీజర్ పెట్టె, కరెంటు పోతే జనరేటరు. కోశాధికారి రసీదు బుక్కు తెరిచి, వేలు పెట్టి ఒక్కో గీత కిందికి దించుకుంటూ, "ఇదిగో, ఇక్కడి నుంచి మీ చందా లేదు" అన్నాడు. బాకీ కడతానన్నా. సంఘం మారిన ఉత్తరం ఉంది, పేరు కొట్టేశాం అన్నాడు. గేటు తాళం తీయలేదు. చివరికి మా మేనమామ ఊళ్లో ఆయన చెలక గట్టున పెట్టాం. వానాకాలం, గోతిలో నీళ్లు ఊరుతుంటే ఎత్తిపోస్తూ.

మీ నానమ్మ కుండలో పిడికెడు బియ్యం వేసిందన్నారు. మా అమ్మ కూడా వేసింది సార్.

మానుకోట_మాస్టారు
అమ్మ విషయంలో బాధే. కానీ నియమం అందరికీ ఒకటే. సంఘం వద్దని వెళ్లిపోయారు. మీ మందిరం పాస్టరు కొత్త కారు కొన్నాడు, సమాధులకు గుంట జాగా కొనలేకపోయాడా? పాటలకు మీ దగ్గరికి, చావుకు మా దగ్గరికా?

పాకాల_గాలి
ఎందుకు వెళ్లిపోయామో ఒక్కసారైనా అడిగారా? కమిటీ ఎన్నికల్లో రెండు వాడల్లో ఒక వాడ పేర్లే ఎప్పుడూ గెలుస్తాయి. ఏ వాడో రాయను, ఊళ్లో అందరికీ తెలుసు. మా నాయన నిలబడితే, "నీకు లెక్కలు రావులే" అన్నారు. మిషన్ బడిలో ఏడో తరగతి పాసైన మనిషికి లెక్కలు రావా? అజరయ్య వచ్చి రెండు పల్లెలనూ ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టాడని వేదిక మీద చెబుతారు. దిగగానే ఎవరి బల్ల వారిదే.

ఎర్రమట్టి
నేను చెప్పిందే కదా. మతం మారినా కులం మారలేదు.

పాకాల_గాలి
నీ సంతోషం కోసం రాయలేదు అన్నా. నువ్వు పక్కకుండు.

రైల్వేగేటు_రవి
ఇదే నేనంటున్నది. ఆస్తి కమిటీ చేతిలో ఉంటే ఇలాగే ఉంటుంది. బడి, తోట అన్నీ ఊరివి అనుకుంటే అందరికీ చోటుంటుంది.

మానుకోట_మాస్టారు
ఊరివా? రవీ, ఆ తోట ఎందుకు కొన్నామో మీ నాయనను అడుగు. ఊరి శ్మశానంలో మమ్మల్ని పెట్టనిచ్చారా? మా తాతల కాలంలో శవం ఊరి బజారు గుండా పోవడానికి వీల్లేదు, చెరువు కట్ట కింద నుంచి మోసుకుపోయేవాళ్లు. బావి మాకు లేదు, బడి మాకు లేదు, చివరికి గొయ్యి తవ్వుకోవడానికి మూరెడు నేల లేదు. అప్పుడు కొన్నాం. ఇప్పుడు రోడ్డు పడి గజం రేటు పెరిగాక అది ఊరిదైందా? మీరు మా బళ్లో చదువుకున్నారు, సంతోషం. మీ వాడకట్టులో మా పిల్లలకు అద్దెకు ఇల్లిస్తున్నారా ఇవాళ్టికైనా?

రైల్వేగేటు_రవి
సార్, నేను అలాంటివాణ్ణి కాదు.

మానుకోట_మాస్టారు
నీ గురించి కాదు. ఊరు అన్నావు కాబట్టి ఊరి గురించే చెప్పాను.

పాకాల_గాలి
ఇంత తెలిసినవాళ్లు మీరే మా అమ్మకు గేటు తీయలేదు సార్.

గ్రేస్_హన్మకొండ
మాస్టారు గారూ, ఒక చిన్న విషయం. మిషన్ ఆస్తుల్లో చాలావరకు స్థానిక కమిటీ పేరున ఉండవు, ట్రస్టు పేరున ఉంటాయి. సీఎస్‌ఐ వాళ్లవైతే చెన్నైలోని ట్రస్ట్ అసోసియేషన్ పేరున. మీ చర్చిది ఎవరి పేరున ఉందో ముందు కాగితాలు తీసి చూడండి. కమిటీ తీర్మానం ఒక్కటే చాలకపోవచ్చు. షాపులకే అనుమతి తెచ్చుకుంటుంటే, అదే కాగితంలో అద్దెల్లో కొంత తోట పక్కన నేల కొనడానికి అని కూడా రాయించండి. చందా పుస్తకంతో సంబంధం లేకుండా, అక్కడ బాప్తిస్మం తీసుకున్న ఎవరికైనా.

మానుకోట_మాస్టారు
ఆలోచించదగ్గ మాటే. కానీ ఇలా ఇక్కడ రాస్తే పని కాదమ్మా. పాకాల గాలి అయినా, ఇంకెవరైనా, రాతపూర్వకంగా కార్యదర్శికి దరఖాస్తు ఇస్తే కమిటీలో పెడతాం.

పాకాల_గాలి
ఇచ్చాను సార్. అమ్మ పోయిన నెలలోనే ఇచ్చాను. రసీదు అడిగితే తర్వాత ఇస్తానన్నాడు. కార్యదర్శి ఎవరో మీకు నేను చెప్పాలా? మీ అల్లుడే కదా.

ఖాజీపేట్_జంక్షన్
అయ్యయ్యో.

నిర్వాహకుడు
కుటుంబాల సంగతులు ఇక్కడ వద్దు. చివరి రెండు పోస్టులు తీసేయాలా అని అడుగుతూ నాకు ఇప్పటికే మెసేజ్‌లు వస్తున్నాయి. తీయడం లేదు. రేపు ఉదయం దాకా ఎవరూ రాయకుండా ఆపుతున్నాను. మాస్టారు గారు జవాబు ఇవ్వాలనుకుంటే నాకు పంపండి, నేనే పెడతాను.