చుండూరు మీద ఫోటో గ్రాంట్ వస్తే ఎవరికివ్వాలి?

బెజవాడ లెన్స్: బోస్నియాలో యుద్ధం ముగిశాక జనం మళ్లీ ఎలా నిలదొక్కుకున్నారో ఫోటోలు తీసిన అమెరికన్ ఫోటోగ్రాఫర్ సారా టెర్రీ, ఇలాంటి పనికి డబ్బివ్వడానికే ఆఫ్టర్‌మాత్ ప్రాజెక్ట్ పెట్టారు. యుద్ధం కథలో సగమేనని వాళ్ల నినాదం. మన దగ్గర అలాంటి గ్రాంట్ పెడితే నా ఓటు చుండూరుకే. 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఇన్నేళ్లూ ఆ కుటుంబాలు ఎలా నెట్టుకొచ్చాయి? చేయి తిరిగిన ఫోటోగ్రాఫర్‌కి ఏడాది టైమిచ్చి పంపాలి. ఏమంటారు?

తెనాలి కుర్రాడు: వద్దన్నా. వస్తారు, ముసలమ్మ ముడతల మొహం బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తారు, ఢిల్లీలో ఎగ్జిబిషన్ పెడతారు. ఆవిడకి ఆ పూట కూలి పోవడం తప్ప ఒక్క ప్రింట్ కూడా చేతికి రాదు. ఆ డబ్బేదో వాడలో పిల్లలకిచ్చి కెమెరా నేర్పండి.

బెజవాడ లెన్స్: బయటివాడు ఫోటో తీసి రైలెక్కేస్తాడు తమ్ముడూ. అదే ఫోటో తీసిన వాడపిల్లాడు తెల్లారితే ఆ ఊళ్లోనే తిరగాలి. వాడి మీదకి ఎవరన్నా వస్తే నువ్వెళ్తావా?

అరండల్‌పేట స్టూడియో: ఇద్దరూ కొత్త ఫోటోల గురించే కొట్టుకుంటున్నారు. మా స్టూడియోకి పోయినవాళ్ల ఫోటో పెద్దది చేయమని వస్తారు. చాలాసార్లు ఉండేది ఒక్క పాస్‌పోర్ట్ సైజే. ఏదో కార్డు మీంచి ఊడదీసింది, భుజం మీద సగం రౌండ్ సీలు. సీలు చెరిపి చొక్కా పూర్తి చేసి ఫ్రేమ్ కట్టిస్తాం. గ్రాంట్‌లో మొదటి రూపాయి అలాంటివి స్కాన్ చేసి, మంచి ప్రింట్ ఇంటివాళ్లకివ్వడానికి పోవాలి. ఆ తర్వాత వాళ్ల పెళ్లి ఆల్బమ్‌లు, పిల్లల డిగ్రీ ఫోటోలు, గృహప్రవేశాలు అడగండి. కోలుకోవడం అంటారే, అది వాళ్ల బీరువాలోనే ఉంది. నవ్వుతున్న ఫోటోలకి అవార్డులు రావనుకోండి, అది వేరే సంగతి.

తెనాలి కుర్రాడు: బాగా చెప్పావ్ బాబాయ్. మరి కూర్చోబెట్టి మాట్లాడించిన రోజు కూలి?

బెజవాడ లెన్స్: డబ్బిచ్చి తీస్తే అడిగినట్టు నిలబడతారు. అది డాక్యుమెంటరీ అవ్వదు.

అరండల్‌పేట స్టూడియో: ఫోటోగ్రాఫర్ మాత్రం ఊరికే తీస్తున్నాడా? గ్రాంట్ తీసుకునేగా! పోజుకి ఇవ్వద్దు, పోయిన పనికివ్వండి. ముందే బడ్జెట్లో రాసేస్తే గొడవుండదు.

బెజవాడ లెన్స్: సరే, కూలికి ఒప్పుకున్నా. ఫోటో మాత్రం బయటివాళ్లే తీయాలి, అందులో మార్పు లేదు.

తెనాలి కుర్రాడు: తీసేది ఎవరైనా, బయట పెట్టడానికి ఒప్పుకునేది ఎవరన్నా? తల్లి సరేనని, కోడలు మా పిల్లలకి సంబంధాలు రావని అడ్డం పడితే ఎవరి మాట వింటారు?