ప్రహరీ చీలింది, గొట్టం పూడింది: చెట్లు కొట్టాలా?

ముక్కామల గట్టు: ప్రహరీకి 7 అడుగుల్లో వేప, 12 అడుగుల్లో రెండు కొబ్బరి చెట్లు. వేప వైపు గోడ ఏటవాలుగా చీలింది. సెప్టిక్ ట్యాంకు గొట్టం నెలకోసారి పూడుతోంది. మేడ మీద పిట్టగోడలో రావి మొక్క లేచింది. నేల నల్లరేగడి. చెట్లు కొట్టకుండా దారి చెప్పండి బాబూ.

తాపీ పని: ముందు కొబ్బరి చెట్లు తీయించెయ్యండి. పునాది లేపేస్తాయి.

కొబ్బరాకు: చీలింది వేప వైపైతే వేటు కొబ్బరికా? బాగుందండి వరస. కొబ్బరి వేరు చిటికెనవేలంత అయ్యాక ఇక లావెక్కదు. వేప, మామిడి వేళ్లలా ఏటికేడు ఊరదు. ఉన్నవి వేలకొద్దీ పీచువేళ్లు, ఎక్కువ భాగం మొదలు చుట్టూ 6 అడుగుల్లోనే. ఎరువుకి పాదు అంతవరకే తీసేది అందుకే.

తాపీ పని: పాదుల లెక్క మాకు చెప్పకండి. కొబ్బరి చెట్టు గోడని నెట్టేసిన ఇళ్లు ఈ లంకల్లో ఎన్ని లేవు?

కొబ్బరాకు: నెట్టేది మొదలండీ, వేరు కాదు. గోడకి 2 అడుగుల్లో పాతితే ఉబ్బి నెడుతుంది. ఇక్కడ 12 అడుగులుంది. ప్రశ్న చదివి రాయండి.

పునాది లెక్క: ఇద్దరూ ఆగండి. రేగడిలో వేరు గోడని తోయక్కర్లేదు. వేసవిలో వేప చెమ్మంతా లాగేస్తే మట్టి కుంచించుకుపోయి ఆ వైపు పునాది దిగుతుంది. వానలకి మట్టి ఉబ్బి చీలిక మూసుకుంటుంది. చీలికకి అటూ ఇటూ పెన్సిల్ గీతలు పెట్టి, మధ్య దూరం తారీఖుతో గోడ మీదే రాయండి. మేలో ఓసారి, సెప్టెంబరులో ఓసారి కొలవండి. తెరుచుకుని మూసుకుంటుంటే చెమ్మ వల్లే. అలా ఆడే చీలికలో సిమెంటు కూరితే పక్కన ఇంకోటి పుడుతుంది. వేపని ఒక్కసారిగా కొట్టేసినా ప్రమాదమే, ఎండిన మట్టి నీళ్లు తాగి ఈసారి గోడని పైకి లేపుతుంది. పైగా వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం (2002) ఉంది, అనుమతి లేకుండా కొట్టకూడదు.

డ్రైనేజీ బాబాయ్: గొట్టం పాత స్టోన్‌వేరా, అంటే కాల్చిన మట్టిదా? అయితే సిమెంటు అతుకుల దగ్గర చెమ్మ ఊరుతుంది, పీచువేళ్లు ఆ చెమ్మకే వస్తాయి. లోపల జడలా అల్లుకుంటాయి. బాగున్న గొట్టాన్ని వేరు పగలగొట్టదు, కారే గొట్టాన్ని వెతుక్కుంటుంది. కర్రతో పొడిచి లాభం లేదు. 110 మిల్లీమీటర్ల పీవీసీ వేసి, అతుకుల్లో రబ్బరు రింగు మడతపడకుండా చూడండి. పది అడుగులకి 2 నుంచి 3 అంగుళాల వాలు. గొట్టం కింద, చుట్టూ ఇసుక పోయండి, రేగడి కదిలినప్పుడు అతుకు ఊడదు.

వశిష్ఠ ఒడ్డు: ఇంత తవ్వుడెందుకు? అరకిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కమోడ్‌లో పోస్తే వేళ్లు మాడిపోతాయి.

రొయ్యల రేవు: మాడేది వేళ్లేనా? ట్యాంకులో బ్యాక్టీరియా చస్తుంది, పొంగిన నీళ్లు పంట బోదెలోకి, అక్కణ్ణుంచి చెరువులోకి. రాగి చేపకీ రొయ్యకీ విషం.

వశిష్ఠ ఒడ్డు: నాచుకి మీరు చల్లేదేంటో మరి? పంచదారా?

రొయ్యల రేవు: ఎటకారం వద్దు. చెరువు నీటి ఆల్కలినిటీ (క్షారగుణం, లీటరుకి మిల్లీగ్రాముల్లో) కొలిచి, దాన్ని వందతో భాగిస్తే వచ్చినన్ని మిల్లీగ్రాములు, లీటరుకి. ఆల్కలినిటీ 50కి తగ్గితే తుత్తం ముట్టుకోం. కమోడ్‌లో దోసిలితో పొయ్యం.

కొబ్బరాకు: వేపకి అసలు మందు అడ్డుతెర. గోడకి 2 అడుగుల దూరంలో, చెట్టు వైపు, అడుగు వెడల్పు, 3 అడుగుల లోతు కందకం. ఒకేసారి పొడవంతా తవ్వితే గోడ ఒరుగుతుంది, ఆరేసి అడుగుల ముక్కలుగా తవ్వండి. వేళ్లు రంపంతో కొయ్యాలి. జేసీబీ పన్ను తగిలితే వేరు మొదలుదాకా చీలి కుళ్లు పడుతుంది. చెరువులకి పరిచే హెచ్‌డీపీఈ షీటు, 1 మిల్లీమీటరుది, నిలువుగా దించి నేల పైకి 2 అంగుళాలు వదలండి, లేకపోతే పై నుంచే దాటతాయి. అతుకు దగ్గర అడుగు మేర ఒకదానిమీదొకటి. మొదలు లావుకి మూడింతల లోపల వేరు ముట్టుకోకండి, ఒక్క వైపే కొయ్యండి.

తాపీ పని: కాలువలకి నీళ్లు కట్టేశాక మేలో తవ్వండి, గుంతలో నీళ్లూరవు.

కొబ్బరాకు: మే ఎండల్లో వేళ్లు కోస్తే నవంబరు గాలికి చెట్టు నిలబడుతుందా? 1996 తుపాను చూసిన ఊళ్లండీ ఇవి. జనవరిలో మోటారు పెట్టి నీళ్లు తోడుకుంటూ తవ్వుకోండి.

ముక్కామల గట్టు: రావి మొక్క సంగతి ఎవరూ చెప్పలేదు.

వశిష్ఠ ఒడ్డు: రావి కొడితే పాపం.

పునాది లెక్క: పిట్టగోడ పగిలి కిందవాళ్ల మీద పడితే పుణ్యమా? పైన కోస్తే అడుగునుంచి మళ్లీ చిగురిస్తుంది. ప్లాస్టరింగు చెక్కి, ఇటుక సందులోంచి వేరు కొసదాకా తియ్యాలి. తీసిన సందు తడిపి 1:3 సిమెంటు ఇసుకతో గట్టిగా కూరండి. వేరు లోపలికి దిగిపోయుంటే ఆ రెండు వరసల ఇటుకలు విప్పి కట్టించడమే. గ్లైఫోసేట్ అనే కలుపు మందు పూయమంటారు గానీ, దాన్ని పెస్ట్ కంట్రోల్ వాళ్లే వాడాలని 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. పాపం అనుకుంటే వేరుతో సహా తీసి గుడి దగ్గర నాటండి.

తాపీ పని: అన్నీ సరేగానీ, కొబ్బరికాయ పడి వంటింటి రేకు పగిలితే?

కొబ్బరాకు: కాయలు దింపు తీయించుకోండి!