బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ వదులుకోవాలా? పెద్దలు చెప్పండి

పరకాల తమ్ముడు:

అందరికీ వందనాలు. మాది పరకాల దగ్గర ఒక పల్లె. డీఎడ్ అయిపోయింది, హనుమకొండలో రూమ్ తీసుకుని గవర్నమెంట్ టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీకి చదువుతున్నాను. ఇంటర్ నుంచి సంఘానికి వెళ్తున్నాను. ఇప్పుడు బాప్తిస్మం తీసుకోవాలని గట్టిగా ఉంది.

చిక్కు కాగితాల దగ్గర వచ్చింది. మేము ఎస్సీలం. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్సీలకు 15 శాతం, బీసీ-సీకి 1 శాతం. అదొక్కటే అయితే ఇంత టెన్షన్ పడేవాణ్ణి కాదు. టీచర్ అర్హత పరీక్ష టెట్ పేపర్-1లో నాకు 71 మార్కులు వచ్చాయి. 150కి ఎస్సీలకు 60 చాలు, బీసీలకు 75 రావాలి. అంటే ఇప్పుడున్నట్టే ఉంటే నేను క్వాలిఫై. బీసీ-సీ అయితే కాను.

సంఘంలో అడిగితే చాలామంది ఒకటే మాట అంటున్నారు: "కాగితం కాగితమే, భక్తి భక్తే. దేవుడు హృదయాన్ని చూస్తాడు." సర్టిఫికెట్ విచారణకు రెవెన్యూ ఆఫీసు నుంచి ఆర్‌ఐ వస్తున్నాడంటే మా వాడలో ఒక ఇంట్లో ఏం చేశారో నా కళ్లతో చూశాను. బైబిల్ బియ్యం డబ్బా వెనక పెట్టారు. గోడ మీది వాక్యం క్యాలెండర్ తీసి, బట్టల దుకాణం వాళ్లిచ్చిన లక్ష్మీదేవి క్యాలెండర్ అదే మేకుకు తగిలించారు. ఆర్‌ఐ పోయాక మళ్లీ మార్చారు. చిన్నపిల్ల అడిగింది, "యేసయ్యను ఎందుకు తీసినవ్ అమ్మా?" అని. ఎవరూ జవాబు చెప్పలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఆ పిల్ల చదువు కోసమే చేశారు.

మనుషుల ముందు నన్ను ఒప్పుకున్నవాణ్ణి నేనూ తండ్రి ముందు ఒప్పుకుంటానని ప్రభువు చెప్పిన మాట మత్తయి 10లో చదివితే నాకు నిద్ర పట్టడం లేదు. మరోపక్క అమ్మ. పత్తి ఏరి, మిర్చి తెంపి నన్ను చదివించింది. ఆమెకు ఏమని చెప్పాలి?

హనుమకొండ అన్న:

తమ్మీ, నేను అడ్డం చెప్పడానికే రాస్తున్నా, కోపం చేసుకోకు. బాప్తిస్మం తొట్టిలో దిగి లేచినంత మాత్రాన ఊళ్లో నీ కులం పోతుందా? పోదు. ఇల్లు కిరాయికి అడిగితే తెలుస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. మనల్ని కలపలేదు. కలపాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2004 నుంచి సుప్రీంకోర్టులో పిటిషన్లు ఉన్నాయి. ఈ సంగతే చూడమని 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. అన్యాయమైన నిబంధన నీ నోటి దగ్గర కూడు గుంజుకుంటుంటే, చేతిలో ఉన్నది కాపాడుకోవడం పాపమా?

బైబిల్లో యెహోవాను నమ్ముకున్న సిరియా సేనాపతి నయమాను సంగతి గుర్తు చేసుకో. మా రాజుతో వాళ్ల దేవుడు రిమ్మోను గుడికి పోయి వంగాల్సి వస్తుంది, క్షమించమన్నాడు. ప్రవక్త ఎలీషా తిట్టలేదు, సమాధానంగా పొమ్మన్నాడు. ముందు ఉద్యోగం తెచ్చుకో, అమ్మను కూర్చోబెట్టి సాకు. తర్వాత చూద్దాం.

డోర్నకల్ అక్క:

అన్న చెప్పిన చట్టం సంగతి అక్షరాలా నిజం. అది అన్యాయమే, దాని మీద కొట్లాడాల్సిందే. కానీ కొట్లాడాలంటే "నేను క్రైస్తవుణ్ణి, నాకు అన్యాయం జరిగింది" అని కాగితం మీద నిలబడే మనిషి ఉండాలి కదా! అందరం హిందూ అని రాయించుకుంటే ఎవరి గోడు ఎవరు వినాలి? జనాభా లెక్కల్లో కూడా మనం కనబడం. దాక్కున్నన్ని రోజులు ఆ నిబంధనకు మనమే కాపలా ఉన్నట్టు.

నయమాను దాచలేదు తమ్ముడూ. ప్రవక్త ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇక మీదట యెహోవాకు తప్ప బలి అర్పించనని అక్కడే ఒప్పుకున్నాడు. బైబిల్ బియ్యం డబ్బా వెనక పెట్టడానికి ఆ కథ సాక్ష్యం కాదు. ఇంకొకటి, 2024 నవంబర్ 26న పుదుచ్చేరి యువతి కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: బాప్తిస్మం తీసుకుని, చర్చికి పోతూ, ఉద్యోగం కోసం హిందువునని ఎస్సీ సర్టిఫికెట్ అడగడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని. ఉద్యోగం వచ్చాక ఎవడో ఫిర్యాదు చేస్తాడేమోనని రిటైర్మెంట్ దాకా భయపడుతూ బతకాలి.

మా బాపు రైల్వేలో గ్యాంగ్‌మన్. మా అందరికీ బీసీ-సీ అనే రాయించాడు. చుట్టాలు పిచ్చోడన్నారు. ఆయన డోర్నకల్ గుడిలో పెరిగినవాడు, అజరయ్య బిషప్ మాటలు వింటూ పెరిగినవాడు. ఆంగ్లికన్ సంఘంలో 1912లో బిషప్ అయిన మొదటి భారతీయుడు అజరయ్య. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు పేరుతో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామంటే ఆయన వద్దన్నాడు. సంఘం లాభం కోసం గుమిగూడిన గుంపు కాకూడదని ఆయన పట్టుదల. బాపు ఇది మాకు అన్నం తినేటప్పుడు చెప్పేవాడు.

ఖరీదు కూడా చెప్తాను, దాచను. నాకు డీఎస్సీ రాలేదు. మానుకోటలో ప్రైవేటు స్కూల్లో చెప్తున్నా. ఎండాకాలం జీతం ఉండదు, అప్పుడు ట్యూషన్లు. నాకంటే తక్కువ మార్కులొచ్చిన నా క్లాస్‌మేట్, ఆదివారం నా పక్కనే కూర్చుని పాటలు పాడే మనిషి, గవర్నమెంట్ టీచర్. నొప్పి ఉంటుంది. కానీ నా పిల్లలు ఏ ఫారం నింపినా నన్ను అడగరు, ఉన్నదే రాస్తారు. అది నాకు బాపు ఇచ్చిన ఆస్తి.

ఒక పాస్టర్:

బాబూ, గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అన్నాడు. నువ్వు చేస్తున్నది అదే, భయం కాదు. తొందరపడకు, కానీ లెక్క తెలిశాక సాగదీయకు. 2024 నుంచి టెట్ ఏడాదికి రెండుసార్లు పెడుతున్నారు. నీకు కావాల్సింది నాలుగు మార్కులు. వయసు సడలింపు బీసీలకూ అయిదేళ్లు ఉంది, అది పోదు. సంఘాల్లో మేమే ఈ మాట గట్టిగా చెప్పాలి. చెప్పకుండా కుర్రవాళ్ల మీద భారం వేస్తున్నాం. నీకు తోడుగా నేనూ మీ అమ్మ దగ్గరికి వస్తాను, కబురు చెయ్యి.

పరకాల తమ్ముడు:

అన్నా, నీ కోపం నా మీద ప్రేమతోనే అని తెలుసు. అక్కా, నీ మాట అమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మళ్లా పరీక్షకు ఫీజు ఎంత?" అని అడిగింది. పాస్టర్ గారూ, ఈ ఆదివారం రండి. బాప్తిస్మం అయ్యాకే బీసీ-సీకి మీసేవలో అప్లై చేస్తాను. నాకు గణితంలోనే మార్కులు పోయాయి, పేపర్-1 గణితం నోట్సు ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి.