చైనా పాత వైద్య గ్రంథాలు అనువాదం చేస్తా బతకొచ్చా?

కందుకూరు పిల్ల:
అందరికీ నమస్తే. నేను ఆయుర్వేదం ఫైనల్ ఇయర్. మా తాత చేతిరాత నోటుబుక్కు ఒకటుంది, అంతా గిద్దెడు, సోలెడు, చిటికెడు లెక్కలే, అది చదవడానికే నాకు ఏడాది పట్టింది, అప్పట్నుంచి ఇట్టాంటివి అనువాదం చేసే వాళ్ల గురించి వెతుకుతా ఉన్నా. పాల్ ఉన్‌షుల్డ్ అని జర్మనీ ఆయన ఉన్నాడు, నాన్ జింగ్, సు వెన్ అని చైనా పాత వైద్య గ్రంథాలు రెండు, మొదటిది 1986లో, రెండోది 2011లో ఇంగ్లీషులోకి తెచ్చాడు, మధ్యలో పాతికేళ్లు! సు వెన్‌లో చీ అనే మాటని అనువదించకుండా అట్టనే ఉంచాడు, ప్రాణశక్తి అంటే సరిపోదా? మా నాన్న ఏమో దీంతో కూడు పుడుతుందా అంటున్నాడు.

పెన్నా గట్టు:
సరిపోదమ్మా. చీ అక్షరంలో బియ్యం గుర్తు ఉంటుంది, అన్నం ఉడికేప్పుడు లేచే ఆవిరి అనుకో. ప్రాణశక్తి అనగానే మన యోగం అంతా వచ్చి అందులో కూర్చుంటుంది, రాసినోళ్ల మనసులో లేనిది మనం చదువుతాం. ఫెంగ్ అంటే గాలి, దాన్ని వాతం అన్నావా, వెనకాలే పిత్తం కఫం కూడా వచ్చేస్తాయి. తిక్కన మన నెల్లూరాయనే, భారతంలో 15 పర్వాలు తెలుగు చేశాడు, కావాల్సిన చోట పెంచాడు తగ్గించాడు, కావ్యానికి అది అందం, మందు పుస్తకానికి ఆ స్వేచ్ఛ లేదు.
ఇంకోటి, సు వెన్ ఒక్కరు రాసింది కాదు. 762లో వాంగ్ బింగ్ అనే చైనా పండితుడు దాన్ని సరిచేసి, తను చేర్చినవి ఎర్రసిరాతో రాశానన్నాడు, తర్వాత నకళ్లలో ఆ ఎరుపు పోయింది. ఏ మాట ఎవరిదో తేల్చుకోవాలంటే పాతికేళ్లు ఎక్కువేం కాదు.

ఒంగోలు ఫార్మసీ:
అక్కా, ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో చూడండి. నాలుగో శతాబ్దంలో గె హాంగ్ అనే చైనా వైద్యుడు జ్వరాలకి రాశాడు, చింగ్‌హావ్ అనే మొక్క గుప్పెడు తీసుకుని నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని. కాచమని లేదు. తు యూయూ అనే చైనా శాస్త్రవేత్త అది చదివి, వేడికి మందు పోతుందేమో అని ఈథర్ అనే ద్రావకంతో తక్కువ వేడిలో తీసింది, 1971లో 191వ శాంపిల్ ఎలుకల మలేరియా మీద పూర్తిగా పనిచేసింది, 2015లో నోబెల్ వచ్చింది. ఆ మొక్క మన చవితి పత్రిలో మాచిపత్రి జాతిదే. అనువాదం చేసేవాళ్లు ‘కషాయం’ అని ఒక్క మాట వేసుంటే ఆ కిటుకు అక్కడే పోయేది, నాకు అది తల్చుకుంటేనే భయమేస్తుంది.

పెన్నా గట్టు:
కూడు సంగతి అడిగావు కదా. ఉన్‌షుల్డ్ ముందు ఫార్మసీ చదివాడు, తర్వాత చైనీస్, మ్యూనిక్‌లో వైద్య చరిత్ర సంస్థ నడిపాడు, ఆ తర్వాత బెర్లిన్. జీతం పాఠం చెప్పినందుకు, అనువాదం దాని పక్కన. ఒంటరిగానూ చెయ్యలేదు, సు వెన్‌కి హెర్మన్ టెసెనో తోడు. నువ్వు కూడా డిగ్రీ వదలబాకు.

కందుకూరు పిల్ల:
అన్నా, తమ్ముడూ, చాలా థాంక్స్. తాత రాసిన గిద్దెడుని మిల్లీలీటర్లు చేసేశాను, మళ్లీ గిద్దెడే రాస్తా, లెక్క కింద వేస్తా. ఎర్రసిరా మాట చదివాక నోటుబుక్కు తీసి చూశా, నేలవేము అని ఉన్న చోట పక్కన పెన్సిల్‌తో ఇంకో పేరుంది, అది తాత రాత కాదు, నాన్నదిలా ఉంది. సాయంత్రం ఆయన పొలం నుంచి రాగానే అడుగుతా.