పెద్దయ్యాక పిల్లల పుస్తకాలు చదవాలన్న సంకల్పం: మీ అనుభవాలు చెప్పండి

మూలాపేట పాఠకురాలు, నెల్లూరు

అందరికీ నమస్కారం. ఈ ఉగాది మొదలుకొని వచ్చే ఉగాది వరకు, నెలకు ఒకటి చొప్పున, తరతరాలుగా నిలిచిన పిల్లల పుస్తకాలు చదవాలని నిశ్చయించుకున్నాను. మా పిల్లలు పెద్దవాళ్లై వేరే ఊళ్లలో ఉంటున్నారు కాబట్టి ఇది వాళ్లకోసం పెట్టుకున్న నియమం కాదు, పూర్తిగా నాకోసం పెట్టుకున్నదే. ఈ పుస్తకాలలో చాలావాటి పేర్లు అందరిలాగే నాకూ తెలుసు. అయితే ఆ పరిచయమంతా హైస్కూల్లో నాన్‌డిటైల్‌గా పెట్టిన పల్చటి పుస్తకాల వల్లా, టీవీలో చూసిన బొమ్మల సినిమాల వల్లా కలిగినదే తప్ప, రచయిత రాసిన మాటలను మొదటినుంచి చివరిదాకా చదివి తెలుసుకున్నది కాదు.

ఇటువంటి నియమం పెట్టుకొని నడిపించినవారు ఇక్కడ ఉంటే మూడు సంగతులు చెప్పండి. పుస్తకాలు ఎట్లా ఎంచుకున్నారు? తెలుగులో చదివారా, ఇంగ్లీషులోనా? ఉద్యోగమూ ఇల్లూ చూసుకుంటూ నడుమ ఆగిపోకుండా ఎట్లా సాగించారు?

కావలి మాస్టారు

అమ్మా, మంచి పని తలపెట్టారు. నేను ఉన్నత పాఠశాలలో చాలాకాలం ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. మీరు చెప్పిన నాన్‌డిటైల్ పుస్తకాలను నేనే ఏటేటా పాఠంగా చెప్పాను. వాటిని తక్కువ చేయను, ఎందుకంటే మన జిల్లాలో పల్లెటూరి పిల్లలు చాలామందికి ఇంగ్లీషు కథ అంటే ఏమిటో తెలిసింది వాటివల్లే. కానీ పెద్దవాళ్లు చదవాలనుకున్నప్పుడు మాత్రం సంక్షిప్త ప్రతిని ముట్టుకోవద్దని గట్టిగా చెబుతాను.

కారణం చెబుతాను. 1726లో వచ్చిన గలివర్ యాత్రలలో నాలుగు ప్రయాణాలున్నాయి. బడి పుస్తకం మరుగుజ్జుల దేశంతో మొదలై, మహా అయితే రాక్షసాకారుల దేశందాకా వెళ్లి ఆగిపోతుంది. నాలుగో ప్రయాణంలో గలివర్, మాటలాడే గుర్రాలు వివేకంతో పాలించుకునే దేశానికి చేరుతాడు. అక్కడ మనిషి రూపంలో ఉన్న జంతువులను చూసి ఎంతగా రోసిపోతాడంటే, ఇల్లు చేరిన తరువాత సొంత భార్యాబిడ్డల వాసన కూడా భరించలేక గుర్రపుశాలలో గంటలకొద్దీ కూర్చుంటాడు. ఈ భాగం చదవనివారికి ఆ పుస్తకం పిల్లల వినోదం మాత్రమే. చదివినవారికి అది మనిషి అహంకారం మీద వేసిన దెబ్బ.

పినోకియో సంగతీ అంతే. కొలోడి ఆ కథను 1881లో ఒక పిల్లల వారపత్రికలో ధారావాహికగా మొదలుపెట్టి, పదిహేనో అధ్యాయంలో కొయ్యబొమ్మను చెట్టుకు ఉరివేయించి కథ ముగించేశాడు. చదువుతున్న పిల్లలు ఊరుకోకపోవడంతో మళ్లీ బతికించి సాగించాడు. ఆ ఉరి ఘట్టం దగ్గర ఆగి, ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది ఎటువంటి పుస్తకమై ఉండేదని ఆలోచించండి. సినిమాలో చూసిన పినోకియో మీకు పూర్తిగా వేరే బిడ్డగా కనబడతాడు.

కాబట్టి అట్ట మీద ‘సంక్షిప్తం’ అని గానీ ‘సరళీకృతం’ అని గానీ ఉందేమో ముందు చూడండి. పాత పుస్తకాలు చాలావరకు కాపీహక్కులు ముగిసినవే కనుక పూర్తి ఇంగ్లీషు పాఠాలు గుటెన్‌బర్గ్ సైటులో ఉచితంగా దొరుకుతాయి.

దర్గామిట్ట

ఆగిపోకుండా సాగించడం గురించి మాత్రమే చెబుతాను. నెలకు ఒకటి అన్న లెక్క బాగానే ఉంటుంది గానీ పుస్తకాలన్నీ ఒక్క పరిమాణంలో ఉండవు. లావు పుస్తకం వచ్చిన నెలలో వెనకబడతాం, వెనకబడ్డామన్న దిగులుతో మానేస్తాం. అందుకని నేను లెక్క పుస్తకాలకు కాక రోజుకు పెట్టుకున్నాను. రాత్రి భోజనమయ్యాక ఒక అధ్యాయం, అంతే. పిల్లల పుస్తకాలలో అధ్యాయాలు సాధారణంగా చిన్నవి, పడుకునేముందు చదివి వినిపించడానికి అనువుగా రాసినవి కనుక ఈ పద్ధతి వాటికి అతికినట్టు సరిపోతుంది.

ఒంగోలు రైతుబిడ్డ

మాస్టారు గుర్రాల మాట ఎత్తారు కాబట్టి నా అనుభవం కూడా చెబుతాను. మాది గిత్తలను పెంచే కుటుంబం. మా నాన్నగారు బండలాగుడు పోటీలకు ఎడ్లను తయారుచేసేవారు. నేను ఇటువంటి నియమమే పెట్టుకొని మొట్టమొదట చదివిన పుస్తకం అన్నా స్యూయెల్ 1877లో ప్రచురించిన ‘బ్లాక్ బ్యూటీ’. ఒక గుర్రం తన బతుకును తానే చెప్పుకునే కథ అది. ఆవిడ చిన్నతనంలోనే కాలు దెబ్బతిని సరిగా నడవలేకపోయిన మనిషి. ఎక్కడికి వెళ్లాలన్నా గుర్రబ్బండే ఆధారం. చివరి సంవత్సరాలలో మంచానపడి ఆ పుస్తకం రాసి, అది వెలువడిన కొద్ది నెలలకే, 1878లో కన్నుమూసింది. ఆమె దాన్ని రాసింది ముఖ్యంగా గుర్రాలతో పనిచేసేవారికోసం. తరువాత అది పిల్లల పుస్తకమైంది.

ఆ రోజుల్లో ఇంగ్లాండులో గుర్రం తల ఎప్పుడూ పైకెత్తి ఠీవిగా కనబడాలని, తల దించడానికి వీలులేకుండా ఒక పగ్గం బిగించి కట్టేవారట. ఒకచోట మన గుర్రం బరువైన బండిని ఎత్తు ఎక్కలేక అవస్థపడుతుంటే బండివాడు కొరడాతో కొడుతుంటాడు. దారిన పోతున్న ఒక ఆవిడ ఆగి, ఆ పగ్గం విప్పి చూడమని మర్యాదగా అడుగుతుంది. విప్పగానే గుర్రం తల కిందికి దించి, ఒంటి బరువంతా ముందుకు వేసి, బండిని పైకి లాగేస్తుంది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఎద్దు బరువు లాగేటప్పుడు తల వంచి మెడ చాపుతుందని మా ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. ఆ వంగే వీలు లేకుండా కట్టేసి, లాగలేదని కొట్టడమంటే ఎంత అన్యాయమో నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. ముల్లుకర్ర గురించీ, ముకుతాడు గురించీ మా నాన్నగారితో ఆ రాత్రి చాలాసేపు మాట్లాడాను. పదేళ్ల వయసులో చదివి ఉంటే గుర్రం మీద జాలిపడి ఊరుకునేవాణ్నేమో. పశువుల మధ్య ఇన్నేళ్లు బతికిన తరువాత చదివాను కాబట్టి అది నా పని గురించిన పుస్తకమైంది.

అందువల్ల పాఠకురాలు గారికి నేను చెప్పేదేమిటంటే, పేరున్న జాబితా ఏదో ఒకటి తీసుకొని వరసగా చదవకండి. మీ జీవితంలో ఏ సంగతి మీకు బాగా తెలుసో దాన్ని తాకే పుస్తకంతో మొదలుపెట్టండి.

గూడూరు, ప్రస్తుతం చెన్నై

జాబితాల గురించి నా అభిప్రాయం కొంచెం వేరు. అమెరికాలో 1922 నుంచి ప్రతి ఏటా ఉత్తమ బాలసాహిత్యానికి న్యూబరీ పతకం ఇస్తున్నారు. నేను ఆ జాబితాను పట్టుకొని చదువుతున్నాను. జాబితా ఉండబట్టే నాకు నేనుగా ఎన్నడూ ఎంచుకోని పుస్తకాలు చేతికి వచ్చాయి. 1928లో ఆ పతకం అందుకున్నది ధనగోపాల్ ముఖర్జీ అనే బెంగాలీ రచయిత. చిత్రగ్రీవమన్న పావురం కలకత్తాలో పుట్టి, హిమాలయాలలో ఎగిరి, మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు యుద్ధభూమి మీద ఉత్తరాలు మోసిన కథ అది. మనదేశపు మనిషికి అంతకాలం కిందటే ఆ గౌరవం దక్కిందని జాబితా లేకపోతే నాకు తెలిసేది కాదు.

ఇంకొక సంగతి. కొన్ని పాత పుస్తకాలలో ఇప్పుడు మింగుడుపడని భావాలున్నాయి. 1719 నాటి రాబిన్సన్ క్రూసో, తాను కాపాడిన మనిషికి శుక్రవారమని తానే పేరు పెట్టి, తనను ‘యజమాని’ అని పిలవమని మొట్టమొదట నేర్పుతాడు. బడిలో చదివినప్పుడు మేకలూ గుడిసే గుర్తున్నాయి గానీ ఇది మనసులో పడలేదు. వీటిని చదవాలా, విడిచిపెట్టాలా అని నాకు సందేహంగా ఉంది.

కావలి మాస్టారు

చదవాలి నాయనా. వలసపాలకుడి మనసు ఎట్లా పనిచేసిందో, అది పిల్లల చేతికి ఎంత ముచ్చటగా అందిందో తెలియాలంటే పెద్దవాళ్లే చదవాలి. పిల్లలకు ఇచ్చేటప్పుడు పక్కన కూర్చొని మాట్లాడగలిగేది కూడా అట్లా చదివినవారే.

కందుకూరు అక్క

నేను జాబితా పెట్టుకోలేదు, రోజు లెక్కా పెట్టుకోలేదు. మా అమ్మకు చూపు మందగించి చదవడం కష్టమైంది. వారపత్రికలు వస్తే మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా వదలకుండా చదివిన మనిషి ఆవిడ. సాయంత్రాలు ఏదైనా చదివి వినిపించమంటే, ఇంట్లో ఉన్న ‘హైదీ’ ఇంగ్లీషు ప్రతి తీసుకొని, ఒక్కొక్క పేరా నాలో చదువుకొని అమ్మకు మన మాటల్లో చెప్పడం మొదలుపెట్టాను. యోహన్నా స్పైరి 1880–81లో రాసిన స్విట్జర్లాండు కథ అది.

కొండమీద తాతతో ఉండే హైదీని పట్నంలో ఒక గొప్పవారింటికి తీసుకుపోతారు. కొండమీద పీటరు అవ్వ ఉంటుంది. గుడ్డిది, గట్టి నల్ల రొట్టె నమలలేదు. ఆ అవ్వకోసమని హైదీ తనకు భోజనంలో పెట్టిన మెత్తని తెల్ల రొట్టెలు తినకుండా ఒక్కొక్కటే తీసి బట్టల బీరువాలో దాచుకుంటుంది. ఇంటి పెత్తనం చేసే ఆవిడ అది చూసి, ఎండిపోయిన ఆ రొట్టెలన్నీ పారవేయిస్తుంది. ఇది చెబుతుంటే మా అమ్మ నన్ను ఆపి, ‘ఆ పిల్లకు మళ్లీ రొట్టెలు ఇస్తారా, ఇవ్వరా, అది ముందు చెప్పు’ అన్నది. రాత్రి పడుకునేదాకా ఆ అవ్వ గురించే అడిగింది. మరునాడు నేను ఆలస్యంగా ఇల్లు చేరితే, పుస్తకం తన ఒళ్లో పెట్టుకొని కూర్చుని ఉంది.

చదివి వినిపించేటప్పుడు ఒక్క వాక్యాన్నీ దాటవేయలేము. కొండలమీద సాయంకాలపు వెలుగు వర్ణించే పేజీలు నా మటుకు నేను చదివితే కళ్లతో జారవిడిచేదాన్ని. అమ్మకు చెప్పవలసి రావడంతో ఆ వెలుగు ఏ రంగునుంచి ఏ రంగుకు మారిందో నేను కూడా నిలిచి చూశాను. పాఠకురాలు గారూ, మీ ఇంట్లో వినేవారు ఒక్కరున్నా ఈ పద్ధతి ప్రయత్నించండి.

చీరాల బైండు పుస్తకాలు

ఇంతవరకు వచ్చిన పేర్లన్నీ బయటిదేశాలవి. మన తెలుగు పుస్తకాలకు ఈ సంకల్పంలో సగం చోటైనా ఇవ్వాలని నా విన్నపం. 1947 జూలైలో మొదలైన చందమామను మనమందరం చిన్నప్పుడు చదివాం. ఇప్పుడు మళ్లీ చదివితే తెలిసేది వేరు. 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకు కొడవటిగంటి కుటుంబరావుగారు దానికి సంపాదకత్వం వహించారు. ఆ సంచికలలో వాక్యం ఎంత తేటగా ఉంటుందో, అక్కరలేని విశేషణం ఒక్కటి కూడా లేకుండా కథ ఎట్లా పరుగెత్తుతుందో పెద్దవాళ్లే గమనించగలరు. ఇక దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు, 1954లో మొదలైన ‘తోకచుక్క’ మొదలుకొని ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘భల్లూక మాంత్రికుడు’ వంటివి, నెలనెలా ఆగి చదివిన వాటిని ఇప్పుడు ఏకబిగిన చదివే అవకాశం ఉంది. వాటికి ‘చిత్ర’ అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు కూడా ఉన్న ప్రతినే చదవాలి.

బయటి కథలను తెలుగులో చదవాలంటే నండూరి రామమోహనరావుగారి అనువాదాలతో మొదలుపెట్టండి. టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్, రాజు–పేద, కాంచనద్వీపం ఆయన చేతిమీదుగా మన భాషలోకి వచ్చినవే. జపాను పిల్లల బడి కథ ‘రైలుబడి’ కూడా తెలుగులో దొరుకుతుంది. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర దుకాణాలకు వచ్చిన రష్యన్ పిల్లల పుస్తకాలు మీ బంధువుల ఇళ్ల అటకలమీద తప్పక ఉంటాయి, దింపించి చూడండి. ముళ్లపూడి వెంకటరమణగారి ‘బుడుగు’ను మాత్రం పైకి చదవండి. కందుకూరు అక్కగారు చెప్పినట్టు వినేవారు ఉంటే మరీ మంచిది. చిన్నప్పుడు బుడుగు అల్లరికి నవ్వుకున్నాం. ఇప్పుడు బుడుగు అమ్మానాన్నలైన రాధా గోపాళాల వయసు దాటాక చదివితే, ఉమ్మడి కుటుంబంలో పెద్దవాళ్లు ఒకరితో ఒకరు చెప్పుకోని మాటలన్నీ ఆ పసివాడి చెవిన ఎట్లా పడ్డాయో కనిపిస్తుంది.

పుస్తకాలకోసం తిరిగే ఓపిక ఉంటే 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి ఒక్కసారి వెళ్లండి. కొనదలచుకుంటే జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం ఉండనే ఉంది, నెల్లూరు నుంచి ఏదో ఒక రైలుబండిలో వెళ్లి రావచ్చు.

మూలాపేట పాఠకురాలు, నెల్లూరు

అందరికీ కృతజ్ఞతలు. నేను వేసుకున్న పన్నెండు పేర్ల పట్టికను సగం మార్చాను. ఒంగోలు అన్నగారు చెప్పినట్టు నాకు తెలిసిన సంగతినుంచే మొదలుపెడతాను. పిల్లలు వెళ్లిపోయిన ఇల్లు నాకు బాగా తెలుసు కాబట్టి మొదటిది 1908లో వచ్చిన ‘విండ్ ఇన్ ద విలోస్’, పూర్తి ప్రతి. చలికాలం రాత్రి నీటి ఎలుకతో కలిసి నడిచిపోతున్న మోల్, అంటే నేలలో బొరియ చేసుకునే చిన్న జంతువు, తాను విడిచివచ్చిన పాత ఇంటి వాసన తగిలి ఏడ్చే అధ్యాయం అందులో ఉందని మా అమ్మాయి చెప్పింది. రెండోది ‘తోకచుక్క’. లెక్క మాత్రం దర్గామిట్ట వారు చెప్పినట్టు రోజుకు ఒక అధ్యాయమే. చదివి వినిపించడానికి మా వారు ఒప్పుకున్నారు, భోజనమయ్యాక వింటానన్నారు. చీరాల వారిని ఒక్కటి అడగాలి. బొమ్మలతో ఉన్న తోకచుక్క ప్రతి నాకు ఎక్కడ దొరుకుతుంది?

చీరాల బైండు పుస్తకాలు

మా నాన్నగారు ఆ ధారావాహిక వచ్చిన పేజీలన్నీ సంచికలనుంచి విడదీసి కుట్టించిన బైండు నా దగ్గర ఉంది. అట్ట కొంచెం ఊడింది గానీ పేజీలన్నీ సరిగా ఉన్నాయి. వచ్చే నెల పెళ్లికి నెల్లూరు వస్తున్నాను, తెచ్చి ఇస్తాను. చదవడం పూర్తయ్యేవరకు మీ దగ్గరే ఉంచుకోండి. కాగితం పెళుసుబారింది కనుక పేజీ మూలలు మడవకుండా చూడమని మాత్రం మనవి.